దక్షిణచిత్రకు ఒక్కరోజు ప్రయాణం: ఎలా వెళ్లాలి, ఏ ఇళ్లు ముందు చూడాలి?

పెన్నా_గట్టు అడిగారు:

నెల్లూరు నుంచి సొంత కారులో ఆరుగురం బయల్దేరుతున్నాం. అమ్మ, నాన్న, మేమిద్దరం, పిల్లలు ఇద్దరు (పన్నెండేళ్లు, ఎనిమిదేళ్లు). చెన్నై దగ్గర ముట్టుకాడులో ఉన్న దక్షిణచిత్రలో పాత పల్లెటూరి ఇళ్లు తెచ్చి నిలబెట్టారని విని వెళ్దామనుకుంటున్నాం. వచ్చే మంగళవారం అందరికీ ఖాళీ. నా సందేహాలు ఇవీ:

చెన్నై ఊళ్లోకి దిగకుండా వెళ్లే దారి ఉందా? అదే రోజు మహాబలిపురం కూడా కలుపుకోవచ్చా? నాన్నకు మోకాళ్ల నొప్పి, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. పిల్లలకు విసుగు రాకుండా ఏం చేయించాలి? అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ మన తెలుగువాళ్ల ఇళ్లు ఏమున్నాయి, వాటిలో ఏం గమనించాలి? ఊరికే ఫొటోలు దిగి వచ్చేయడం ఇష్టం లేదు.

ఈసీఆర్_బాటసారి:

మొట్టమొదట రోజు మార్చుకోండి. మంగళవారం దక్షిణచిత్రకు సెలవు. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగే వాళ్లలో సగం మంది మంగళవారం బాపతే. మిగతా రోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా తెరిచి ఉంటుంది. పండగ రోజుల్లో వెళ్లేట్టయితే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. టికెట్ ధర అప్పుడప్పుడూ మారుతుంది, ఆ రోజు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్నదే లెక్క.

ఇక దారి. నెల్లూరు నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద చెన్నై వైపు వస్తూ, రెడ్‌హిల్స్ రాకముందే చెన్నై ఔటర్ రింగ్ రోడ్ ఎక్కండి. మీంజూరు నుంచి వండలూరు దాకా వెళ్లే రోడ్డు అది. వండలూరులో దిగి కేళంబాక్కం రోడ్డు పట్టుకోండి. కేళంబాక్కం దగ్గర పాత మహాబలిపురం రోడ్డు దాటి, ఉప్పుటేరు మీదుగా కోవళం చేరితే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్, చెన్నై నుంచి సముద్రతీరం వెంట వెళ్లే రోడ్డు) తగులుతుంది. అక్కడ ఎడమకు, అంటే చెన్నై వైపుకు తిరగాలి. ముట్టుకాడు వంతెన, పడవల రేవు దాటిన కాసేపటికే దక్షిణచిత్ర. ఫోన్‌లో మ్యాప్ ఒక్కోసారి దూరం తక్కువని మాధవరం, గిండీ, అడయార్ మీదుగా లాగుతుంది. కిలోమీటర్లు తగ్గుతాయి కానీ ఉదయం 8 దాటాక ఆ దారిలో దిగితే గంటన్నర హుష్‌కాకి. అందుకని మ్యాప్‌లో వండలూరును, కోవళాన్ని మధ్య మజిలీలుగా పెట్టుకోండి.

టిఫిన్‌కు ఆగడం కూడా కలుపుకుని తెల్లారి 5 గంటలకల్లా బయల్దేరండి. గేటు తెరిచే సమయానికి ఉంటారు. తిరుగు ప్రయాణం ఆదివారం సాయంత్రం మాత్రం పెట్టుకోవద్దు. పాండిచ్చేరి, మహాబలిపురం నుంచి చెన్నై చేరే బళ్లన్నీ ఈసీఆర్ మీదే ఉంటాయి.

కారు లేనివాళ్ల కోసం కూడా ఒక మాట, ఈ పేజీ రేపు ఇంకెవరైనా చదువుతారు కదా. సెంట్రల్ స్టేషన్‌లో దిగితే ఎదురుగానే పార్క్‌టౌన్ స్టేషన్. అక్కడ వేళచ్చేరి వెళ్లే లోకల్ ఎక్కి తిరువాన్మియూర్‌లో దిగండి. స్టేషన్ నుంచి తిరువాన్మియూర్ బస్టాండుకు ఆటో, అక్కడి నుంచి ఈసీఆర్ మీదుగా మహాబలిపురం వైపు వెళ్లే సిటీ బస్సు. కండక్టర్‌కు ‘దక్షిణచిత్ర’ అంటే చాలు. హైదరాబాద్ నుంచి చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు సెంట్రల్ గురించే ఆలోచించక్కర్లేదు. ఆ బండి తాంబరం దాకా వెళుతుంది, తాంబరం నుంచి వండలూరు, కేళంబాక్కం మీదుగా ఆటోనో ట్యాక్సీనో తీసుకుంటే సరిపోతుంది. ఆంధ్ర బస్సులు దింపే మాధవరం బస్టాండు ఊరికి ఉత్తర కొసన ఉంది, దక్షిణచిత్ర దక్షిణ కొసన. బస్సులో వచ్చేవాళ్లు ఆ దూరం లెక్కేసుకోండి.

మండువా_లోగిలి:

రోజు విషయం పైన చెప్పేశారు. మహాబలిపురం కలపొద్దనే నా సలహా. అక్కడికి ఇంకో 30 కిలోమీటర్లు దాకా ఉంటుంది, దూరం పెద్ద సమస్య కాదు. సమస్య కాళ్లు. దక్షిణచిత్రలో ఇళ్లన్నీ పదెకరాల ఆరుబయట పరుచుకుని ఉంటాయి. మూడు గంటలకు తక్కువ కాదు, నిదానంగా చూస్తే ఐదు. దాని తరవాత ఎండలో పంచరథాలంటే పెద్దవాళ్లకు శిక్షే. తప్పదనుకుంటే రాత్రి అటే బస చేసి, మర్నాడు తెల్లారే తీర దేవాలయం చూసుకోండి. ఆ కట్టడాలు పొద్దున్నే తెరుస్తారు, ఎండ ఎక్కక ముందే అయిపోతుంది.

స్థలం గురించి కాస్త చెబుతాను, చూసే తీరు మారుతుంది. మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ అనే సంస్థ దీన్ని 1996 డిసెంబర్‌లో తెరిచింది. ఆ సంస్థను 1984లో మొదలుపెట్టింది డెబోరా త్యాగరాజన్. స్థలానికి రూపురేఖలు గీసింది ఇటుకల ఇళ్లకు పేరుపడ్డ లారీ బేకర్. తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణల నుంచి 18 ఇళ్లు ఉన్నాయి. సొంతదారులు కూలగొట్టబోతున్న ఇళ్లను కొని, స్తంభం స్తంభానికీ దూలం దూలానికీ గుర్తు వేసి విప్పి, లారీల్లో తెచ్చి, ఆ ప్రాంతపు పనివాళ్ల చేతే మళ్లీ నిలబెట్టించడం వాళ్ల పద్ధతి. హైదరాబాద్ శిల్పారామంలోని పల్లె మ్యూజియం చూసినవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ మనుషుల బొమ్మలతో, నమూనా ఇళ్లతో పల్లెను చూపిస్తారు. అది పిల్లలకు బాగుంటుంది, తప్పు పట్టడం లేదు. ఇక్కడ మాత్రం మనుషులు నిజంగా కాపురం చేసిన కర్ర, గడప, తలుపు మీ చేతికి తగులుతాయి.

పద్దెనిమిదీ చూడాలని పెట్టుకోకండి. ఏడో ఇంటికి వచ్చేసరికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఐదు ఎంచుకోండి: రెండు తెలుగు ఇళ్లు, తమిళనాడులోని చెట్టినాడు ప్రాంతపు వర్తకుడి ఇల్లు, కేరళలో సిరియన్ క్రైస్తవుల ఇల్లు, తమిళ అగ్రహారపు ఇల్లు. మన ఇళ్లు చివర్లో చూద్దాంలే అనుకుంటే అప్పటికి ఓపిక అయిపోతుంది. టికెట్ దగ్గర మ్యాప్ అడిగి తీసుకుని, పొద్దున్నే నేరుగా ఆంధ్ర, తెలంగాణ ఇళ్ల వైపు నడవండి.

ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ కప్పు మీద పడ్డ నీళ్లు ఎటు పోతున్నాయి? కేరళ ఇంటి కప్పు ఎందుకంత నిటారుగా దిగింది, చెట్టినాడు ఇంట్లో నడిమధ్య అంత పెద్ద ఆకాశం ఎందుకు వదిలారు, అగ్రహారపు ఇల్లు రెండు పక్కలా కిటికీ లేకుండా రైలుపెట్టెలా ఎందుకు సాగింది, అన్నీ ఆ ప్రశ్నలోంచే విడిపోతాయి. అగ్రహారంలో పక్కింటి గోడా మన గోడా ఒకటే. పక్కలకు నీళ్లు వదిలే వీల్లేదు, గాలి పక్కనుంచి వచ్చే వీల్లేదు. కాబట్టి వెలుతురు, గాలి, వాన మూడూ మండువాలోంచే, అంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన చోటులోంచే దిగాలి. మండువా ఇళ్లలో మొదట చెడేది ఎప్పుడూ రెండు కప్పు వాలులు వచ్చి కలిసే మూల. రెండు వాలుల నీరూ అక్కడికే పరిగెడుతుంది, ఆకు చెత్త పేరుకుంటే పెంకు కింద వాసం పుచ్చుతుంది. మండువా నడుమ నిలబడి తలెత్తి నాలుగు మూలలూ చూడండి. మరమ్మతు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది.

చెట్టినాడు ఇంట్లో గోడకు అరచెయ్యి ఆనించండి. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి పూతల మీద పూతలు వేసి నున్నగా రుద్దడం చెట్టినాడు పద్ధతి. స్తంభాలు బర్మా టేకు. అక్కడి వర్తకులైన చెట్టియార్లు బర్మాలో వడ్డీ వ్యాపారం చేసిన కాలంలో దిగుమతి అయిన కలప అది. మండువా చుట్టూ ఉన్న చిన్న గదులు పెళ్లయిన కొడుకులకు ఒక్కొక్కరికీ ఒకటి. పడకకన్నా పెట్టెబేడా పెట్టుకోవడానికే వాటిని ఎక్కువ వాడేవారు.

కేరళ క్రైస్తవ ఇల్లు కొట్టాయం దగ్గర పుదుప్పళ్లి నుంచి వచ్చింది. మన గాదె పెరట్లోనో సావిట్లోనో ఉంటే, వాళ్ల ధాన్యపు కొట్టు ఇంటి గుండెకాయ స్థానంలో ఉంది, చుట్టూ చెక్క గోడలు. ఎలుకకీ చెమ్మకీ దొంగకీ ఒకేసారి తలుపు వేసినట్టన్నమాట.

తూర్పుతీరం:

తెలుగు ఇళ్లలో మొదటిది మా ఉత్తరాంధ్ర చుట్టిల్లు, అంటే గుండ్రటి మట్టి ఇల్లు. ఉమ్మడి విశాఖపట్నం జిల్లా హరిపురం ఇల్లు. చాలామంది దీన్ని ‘గుడిసె’ అని దాటుకుని పోతారు. మొత్తం ఆవరణలో ఇంజనీరింగు ఎక్కువ ఉన్న ఇల్లు ఇదేనని నా లెక్క.

గుండ్రటి గోడ అందానికి కాదు, తుఫానుకి. పలకగా ఉన్న గోడకు గాలి ఎదురుగా కొడితే మొత్తం తోపు ఒక్క ముఖం మీద పడుతుంది, మూలలు ముందు విడిపోతాయి. గుండ్రటి గోడకు మూలలే లేవు, గాలి చుట్టూ జారిపోతుంది. అంతకన్నా ముఖ్యం చూరు. తుఫానులో పూరిల్లు ఎగిరేది గాలి చూరు కిందకి దూరి కప్పుని పైకెత్తినప్పుడే. అందుకే చుట్టింటి చూరు దాదాపు నేల దాకా దింపుతారు, మనిషి నడుం వంచితే తప్ప లోపలికి పోలేడు. మీ పిల్లల చేతికి ఒక కొలత టేపు ఇచ్చి మూడు కొలతలు తీయించండి: నేల నుంచి చూరు కొస ఎంత ఎత్తు, గోడ మందం ఎంత, చూరు గోడను దాటి ఎంత బయటకి వచ్చింది. మూడో కొలత గోడను బతికించేది. మట్టి గోడకు పై నుంచి పడే వాన కన్నా, నేల మీద పడి ఎగిరే చినుకే శత్రువు. అడుగు భాగం కరిగి సన్నబడిందా, గోడ పని అయిపోయినట్టే. చూరు ఎంత బయటకు వస్తే ఆ చినుకు అంత దూరంలో పడుతుంది.

గోడ కట్టే పద్ధతి కూడా గోడ మీదే కనబడుతుంది. మట్టిలో తరిగిన గడ్డో ఊకో కలిపి, నీళ్లు పోసి తొక్కి, ఒకటి రెండు రోజులు నాననిస్తారు. తరవాత ముద్దలు ముద్దలుగా పెట్టి మూరెడు ఎత్తు వరస ఒకటి వేసి ఆపేస్తారు. అది ఆరితే గానీ రెండోది వెయ్యరు. తొందరపడి వేస్తే కింది వరస బరువుకి పొట్టలా ఉబ్బుతుంది. బంకమన్ను పాలు ఎక్కువైతే ఆరేటప్పుడు నిలువు బీటలు. ఇసక ఎక్కువైతే చేత్తో రుద్దితే రాలిపోతుంది. పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు పడే పూట గోడ వైపు చూస్తే వరసకీ వరసకీ మధ్య సన్నటి గీత కనబడొచ్చు.

కప్పు తాటాకు. మూడేళ్లకోసారైనా మార్చాలి. లోపల పొయ్యి పొగ ఆకుకి పట్టి పురుగుని దూరం పెట్టేది, మ్యూజియంలో రోజూ పొయ్యి వెలగదు కాబట్టి ఇలాంటి కప్పులు ఊళ్లోకన్నా తొందరగా పాడవుతాయి. మీరు వెళ్లిన రోజు ఆకు మారుస్తుంటే విసుక్కోవద్దు, అరగంట నిలబడి చూడండి. అది చూడ్డానికి విడిగా టికెట్ పెట్టినా తప్పులేదు. మా వైపు చాలా చుట్టిళ్లలో నడిగదికి కర్రల మీద మట్టి పరిచిన అటక ఉంటుంది. పైన తాటాకు అంటుకున్నా కింద తిండిగింజలు, బట్టలు దక్కాలని.

పడుగు_పేక:

రెండోది మా నల్గొండ వైపు ఇల్లు. కొయ్యలగూడెం ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు. కొయ్యలగూడెం ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాల ఉంది, చౌటుప్పల్ దగ్గర. నూలు ఇక్కత్‌కి పేరున్న ఊరు. ఇల్లంటే కాపురం ఒక్కటే కాదు, కార్ఖానా కూడా. ఇంట్ల వెలుతురు ఎక్కడ బాగా పడుతదో అక్కడ మగ్గం, మిగిలిన జాగల మనుషులు. ఆ లెక్కతోని చూస్తే గదులు ఎందుకట్ల ఉన్నయో సమజైతది.

గుంట మగ్గం కనపడితే పిల్లలకు ఇది అడగండి: మనిషి గుంటల ఎందుకు కూర్చుంటడు? తొక్కుడు కర్రలకు జాగ కావాలె, అది ఒకటి. రెండోది, నేలల చెమ్మ ఉంటది. నూలు పోగు ఎండితే పెళుసైతది, తెగుతది. అందుకే ఎండకాలం మధ్యాహ్నం నేత కష్టం.

ఇక్కత్ అంటే బట్ట మీద రంగు వేసుడు కాదు, నేయక ముందే పోగుకు రంగు వేసుడు. పేక నూలును, అంటే అడ్డం పోగును, ముందు ఆసు పోస్తరు. ఒక కొసన ఒక్క మేకు, ఎదురుగ అర్ధచంద్రం తీరు వరుసగ మేకులు. వాటి చుట్టు ఒక్కటే పోగును అటు ఇటు తిప్పుతనే ఉండాలె. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు పోయి రావాలె. ఆడవాళ్ల భుజాలు అక్కడనే అరిగిపోయేటివి. నేతింటి బిడ్డ చింతకింది మల్లేశం ఈ పనికే ఆసు యంత్రం చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆసు అయినంక డిజైన్ గీతలు పెట్టి, రంగు అంటొద్దన్న చోట రబ్బరు ట్యూబు పీలికలతోని బిగించి కట్టి, లేత రంగుల నుంచి ముదురు రంగులకు ముంచుకుంట పోతరు. కట్టు వదులైతే రంగు లోపటికి పాకుతది, పువ్వు కాస్త మరక అయితది. పడుగు (నిలువు పోగు) మీద గుర్తు, పేక మీద గుర్తు కలవకుంటే బొమ్మ పక్కకు జరుగుతది. ఇక్కత్ బొమ్మ అంచులు ఎప్పుడూ కొంచెం చెదిరినట్టే ఉంటయి, అది లోపం కాదు.

లోపల అమ్మే చోట గానీ, బయట గానీ ఇక్కత్ కొంటే ఇట్ల చూడండి. బట్ట తిరగెయ్యండి. రెండు దిక్కులా రంగు ఒక్కతీరుగ ఉండాలె. అచ్చు బట్టయితే వెనక వెలిసినట్టు ఉంటది. ఇంకా అనుమానముంటే కొస నుంచి ఒక్క పోగు మెల్లగ లాగండి. అసలుదైతే ఆ ఒక్క పోగు మీదనే ఎరుపు, తెలుపు, నలుపు ముక్కలు ముక్కలుగ కనపడతయి.

పెన్నా_గట్టు:

అందరికీ ధన్యవాదాలండీ. మంగళవారం మాని గురువారానికి మార్చాను, మహాబలిపురం వదిలేశాం. రెండు సందేహాలు మిగిలాయి. నాన్నగారి మోకాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. పిల్లల చేత చేయించే పనులు ఏమున్నాయి? భోజనం కట్టుకుని వెళ్లాలా?

ఈసీఆర్_బాటసారి:

నాన్నగారికి నేల మీద నడక ఇబ్బంది కాదు, ఇళ్లలోకి ఎక్కడమే ఇబ్బంది. పాత ఇళ్లు కదా, అరుగు ఎత్తు, గడప ఎత్తు, తలుపు పొట్టి. ఒకే చోట కాలు ఎత్తాలి, తల వంచాలి. ఆయన్ని అన్ని ఇళ్లలోకీ తీసుకెళ్లకండి. చెట్టినాడు ఇల్లు, అగ్రహారపు ఇల్లు లోపల చూపించండి, మిగతావి అరుగు మీద కూర్చునే చూస్తారు. అరుగులు ఉన్నది అందుకే. చక్రాల కుర్చీ కావాలంటే ముందురోజే ఫోన్ చేసి అడగండి, ఉన్నా అది గడప దాటదని గుర్తుంచుకోండి. చెప్పులు లేసులు లేనివి వేసుకుంటే మంచిది, చాలాసార్లు విప్పాల్సి రావచ్చు. మధ్యాహ్నం ఇటుక బాట కాలుతుంది, పిల్లలకు పల్చటి సాక్సులు పెట్టుకోండి.

తిండి కట్టుకెళ్లక్కర్లేదు, లోపలే హోటల్ ఉంది. ఒంటిగంటన్నరకి అందరూ ఒకేసారి దిగుతారు, మీరు పన్నెండున్నరకే కూర్చోండి. నీళ్ల సీసాలు మాత్రం మనిషికి ఒకటి చొప్పున తీసుకెళ్లండి. సముద్రం పక్కనే కాబట్టి నీడలో ఉన్నా చెమట ఆగదు.

నెల కూడా చూసుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ సగం దాకా అక్కడ వానలు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండ నిలవనివ్వదు. జనవరి, ఫిబ్రవరి హాయి, కానీ సంక్రాంతి సెలవుల్లో జనం విరగబడతారు.

మండువా_లోగిలి:

పిల్లల పనులు: కుమ్మరి చక్రం మీద కుండ చేయడం, తాటాకుతో బొమ్మలు అల్లడం లాంటివి ఉంటాయి, వాటికి కొద్దిగా విడిగా డబ్బు కట్టాలి. ఏ పని ఏ వేళకు, తోలుబొమ్మలాటలాంటివి ఆ రోజు ఉన్నాయా అన్నది లోపలికి వెళ్లగానే కనుక్కోండి. కుమ్మరి చక్రం దగ్గర బడిపిల్లల బస్సు దిగిందంటే వరస కదలదు. మామూలు రోజుల్లో బడుల తాకిడి ఎక్కువ, శని ఆదివారాల్లో ప్రదర్శనలు ఎక్కువ, జనమూ ఎక్కువే. మీది గురువారం కాబట్టి రెండు తెలుగు ఇళ్లు చూడగానే పదకొండు లోపు చక్రం దగ్గరకి వెళ్లిపోండి. చేసిన కుండ పచ్చిది, ఇంటికి తెచ్చేలోపు అణిగిపోతుంది. అట్టపెట్టె, పాత న్యూస్‌పేపర్లు కారులో పెట్టుకోండి. కాల్చని కుండ కనక నీళ్లు పోస్తే కరిగిపోతుందని చిన్నవాడికి ముందే చెప్పండి, లేకపోతే ఆ రాత్రి ఇంట్లో గొడవే.

పన్నెండేళ్ల పిల్లకి పైన తూర్పుతీరం గారు చెప్పిన టేపు పని అప్పగించండి. చుట్టిల్లు, కేరళ ఇల్లు, చెట్టినాడు ఇల్లు, ఈ మూడింటికీ చూరు ఎత్తు, గోడ మందం, ద్వారం ఎత్తు ఒక కాగితం మీద రాయమనండి. తొమ్మిది అంకెలు, అంతే.

తూర్పుతీరం:

టేపు లోహపుది వద్దు, దర్జీ టేపు తీసుకెళ్లండి. లోహపు టేపు కొస మట్టి గోడని గీస్తుంది, కాపలావాళ్లు ఊరుకోరు. కొలవడానికి ముందు వాళ్లని ఒక మాట అడగడం కూడా నేర్పించండి. సరదా పడితే వాళ్లే చూరు కొస పట్టుకుని సాయం చేస్తారు.

పడుగు_పేక:

పెన్నా_గట్టు అన్నా, నేత ఇంట్ల మగ్గం మీద మనిషి ఉంటే, పోగు అతికేదాక ఆగి అప్పుడు అడగండి. తెగిన పోగు ముడి వేసేటప్పుడు మాట్లాడిస్తే ముడి తప్పుతది. ఫొటో తీసుడు కూడా అడిగి తీయండి, ఫ్లాష్ వద్దు.